వంగతోటకి వచ్చిన పురుగుల మందు

పిట్ట రెట్ట అనుకుని వేలితో గీకబోతే అది ఎగిరిపోయింది.

వంగమొక్క ఆకు మీద తెల్లగా, నడుమ కొంచెం గోధుమరంగు మరకతో, ఎండిపోయిన రెట్టలాగే ఉంది. ఆకు శుభ్రం చేద్దామని చెయ్యి పెట్టాను. అది రెండు చిన్న రెక్కలు విప్పి నా చెవి పక్కనుంచి పోయి, అవతలి ఆకు మీద వాలి, మళ్లీ రెట్టయిపోయింది. నేను ఒక్క గెంతు గెంతి వెనకనున్న పాదులో పడబోయాను.

"ఏటి సేవికమ్మా, అలగ గెంతీనారు? పాము గాని ఉన్నాదేటి?" అంది ఆ పెరటి ఇల్లాలు.

"పాము కాదమ్మా. రెట్ట ఎగిరింది."

"రెట్ట ఎగిరిందట. అత్తా, ఇన్నావా? సేవికమ్మకి ఎండదెబ్బ కొట్టినట్టున్నాది, కాసింత మజ్జిగ తే."

అరవైల చివరి మాట ఇది. సాలూరు నుంచి విజయనగరం వచ్చే రోడ్డుకి కాస్త లోపలగా, కొండ దిగువనున్న ఊరు. నేను గ్రామసేవికగా చేరి ఎంతో కాలం కాలేదు. బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాను. గుడిలో అర్చన చేసుకునే కుటుంబం మాది. నాన్నగారు పొద్దుటి పూజ ముగించుకుని వచ్చి, పీట వేసి కూర్చోబెట్టి, తెలుగూ లెక్కలూ తనే నేర్పారు. ప్రైవేటుగా పరీక్షకు కట్టించారు. చీమ మీద కాలు వేసినా చెంపలు వేసుకోమని పెంచిన ఆ మనిషే, పురుగుల్ని చంపడం నేర్పే ఉద్యోగానికి నన్ను కుంకుమ పెట్టి పంపించారు. ఆయనకు నేను ఎన్ని జన్మలకీ రుణపడి ఉంటాను.

ఇప్పుడు ఇలాంటి పనుల్లో కొత్తగా చేరే అమ్మాయిలు కొందరు నా దగ్గరికి వస్తుంటారు. మీ సర్వీసులో మరిచిపోలేనిది చెప్పండమ్మా అంటారు. పొగరాని పొయ్యిలు కట్టించడం, మహిళా మండలి కూడబెట్టడం, మునగాకు వండించడం చెబితే మర్యాదకు వింటారు. ఇది చెబితే మాత్రం చేతిలో కాఫీ చల్లారిపోతుంది. 

ఆ పెరటి ఇల్లాలిని ఊళ్లో మూలింటి కోడలు అనేవారు. భర్త లారీ క్లీనరు. సాలూరులో ఎక్కితే రాయపూరు దాకా పోయి, ఎప్పటికో వచ్చేవాడు. అత్తా, తనూ, ఒక్కగానొక్క కూతురూ. ఆ పిల్లకి ఇంకా బడి ఈడు రాలేదు. మూలింటి కోడలికి నోరెంతో చెయ్యీ అంత. ఆమె పెరట్లో వంగ కాసినట్టు ఊళ్లో ఇంకెక్కడా కాసేది కాదు. ఆ ఏడు మాత్రం మొక్కలు చిగుళ్లు వాల్చేస్తున్నాయి. నీళ్లు పోసినా వాలిపోతున్నాయి. నిగనిగలాడే కాయ కోస్తే లోపల గులాబీ రంగు పురుగు, దాని చుట్టూ నల్లటి పెంట.

అంత పని చేసేది ఆ రెట్టలాంటి రెక్కలపురుగు పిల్లలే. గుడ్డు పగలగానే లేత కొమ్మలోకి తొలుచుకుపోతాయి. వెళ్లిన దారిని తమ పెంటతోనే మూసేసుకుంటాయి. పైనుంచి చూస్తే మొక్క దాహంతో తల వాల్చిందనుకుంటాం.

నాకు శిక్షణలో నేర్పిన ఉపాయం ఒకటే. తల వాల్చిన కొమ్మను పురుగున్న చోటుకి కొంచెం కిందుగా తుంచి పొయ్యిలో వెయ్యాలి. పుచ్చిన కాయలు ఏరి కాల్చాలి. రోజూ చెయ్యాలి, అందరూ చెయ్యాలి. ఒక పెరట్లో చేసి పక్క పెరట్లో వదిలేస్తే లాభం లేదు.

"ఆ పురుగు ఎదవ పనోటి సేస్తే మొక్క తలకాయి తీసీమంటారేటి," అని మూలింటి కోడలు విసుక్కుంది గానీ తుంచడం మొదలుపెట్టింది. మిగతావాళ్లు నవ్వుకుని వదిలేశారు. నాట్లు వేసుకునే రోజుల్లో పెరట్లో కూర్చుని చిగుళ్లు వెతికే తీరిక ఎవరికుంటుంది?

అప్పుడు మా వ్యవసాయాధికారి గారు రంగంలోకి దిగారు. చదువుకున్న కుర్రాయన, పని మీద ప్రేమున్నాయన. జీపు దిగి, పెరళ్లన్నీ తిరిగి, ముఖం ఎర్రగా చేసుకుని, "ఈ తుంచుళ్లతో అయ్యేది కాదమ్మా. కొత్తగా మందు వచ్చింది. ఊరంతా ఒకేసారి కొట్టించేద్దాం," అన్నారు. నాకు సంతోషమే వేసింది. ఆ మాట దాచను.

కొట్టే పంపు చెడిపోయింది. బాగుచేయించడానికి పంపితే తిరిగి రాలేదు. కాయలు పుచ్చిపోతున్నాయి. దాంతో, ఇంటికి ఇంత మందు ఇచ్చేస్తే బిందెడు నీళ్లలో కలుపుకుని వాళ్లే వేపమండలతో చల్లుకుంటారని నిర్ణయం జరిగింది. పంచే పని మందు కొట్టే మేస్త్రీకి అప్పగించారు. ఆ రోజు నన్ను బ్లాకు ఆఫీసులో మీటింగుకి రమ్మన్నారు. ముందునాటి సాయంత్రం ఊళ్లో చాటింపు వేయించారు.

చాటింపు వేసే బారికి పెద్దవాడు. డప్పు భుజాన తగిలిస్తే గొంతు మారిపోయేది. "అందరూ యినండహో. రేపు పొద్దున్న సావిడి కాడ పురుగుల మందు ఇస్తారహో. ఇంటికొకలు గిన్ని అట్టుకుని రండహో."

నేనూ విన్నాను. అందులో నాకేమీ లోపం కనిపించలేదు. మీరు విన్నా కనిపించేది కాదు.

ఆ ముందు వేసవిలోనే ఆరోగ్యశాఖ వాళ్లు అదే చావిడి దగ్గర పిల్లలకి నులిపురుగుల మందు తాగించి వెళ్లారు. అప్పుడు వేసిన చాటింపూ అదే. నులి అన్న ముక్క ఒక్కటే ఎక్కువ. ఆ మందు బాగా పనిచేసింది. పిల్లల కడుపులు దిగి, ఒళ్లు చేసి, ఆడవాళ్లు నెలల తరబడి అదే ముచ్చట. మళ్లీ ఎప్పుడొస్తాది సేవికమ్మా, మళ్లీ ఎప్పుడిస్తారు అని నన్ను అడిగినవాళ్లే ఎందరో.

మర్నాడు మీటింగు తొందరగా ముగిసింది. అది కూడా దేవుడి దయే. మధ్యాహ్నం బస్సు దిగి ఊరి దారి పట్టాను. పొద్దున్న రావలసిన మందు ఆలస్యంగా వచ్చి, పంపకం అప్పుడే ముగిసిందట. ఎదురుగా ఒక ముసలమ్మ కొంగు చాటున గిన్నె పట్టుకుని, తొణక్కుండా జాగ్రత్తగా నడిచి వస్తోంది. నన్ను చూసి ఆగింది.

"మంచికి కనిపించీనావు తల్లీ. ఇది బెల్లంతో పట్టాలా, తేనితో పట్టాలా?"

"ఏమిటిది?"

"పురుగుల మందమ్మా. మా మనవడికి. కంపు కొడతన్నాది, గుంటడు మింగడు."

ఆ గిన్నె నేను ఎలా లాక్కున్నానో నాకు గుర్తులేదు. మందు నా చీర మీద ఒలికిన వాసన గుర్తుంది. ముసలమ్మ వెనక నుంచి, "ఇదేటి, నా వొంతు నాకిచ్చీ," అని అరుస్తూనే ఉంది.

పరిగెత్తాను. ఊళ్లోకి వెళ్లేసరికి, తెలుసునా అమ్మాయిలూ, ఊరు పండగలా ఉంది. అరుగుల మీద తల్లులు పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, బెల్లం దంచుకుంటూ కూర్చున్నారు. ఒకామె పిల్లాడి ముక్కు పట్టుకుని నోరు తెరిపిస్తోంది, చెంచా ఇంకా గాల్లో ఉంది. నేను ఏమని అరిచానో తెలియదు. నా గొంతు అంత పెద్దదని అప్పటిదాకా నాకే తెలియదు. చావిడి దగ్గర చుట్ట కాల్చుకుంటున్న బారికి నా ముఖం చూసి లేచాడు.

"అది తాగేది కాదు. విషం. విషమని చాటు."

 అతను డప్పు అందుకుని వీధిన పడ్డాడు. "తాగొద్దహో. ఇసమహో. పారబొయ్యండహో." వీధి వెంట చెంచాలు, గిన్నెలు నేల మీద పడుతున్న చప్పుడు. ఆ చప్పుడు వింటూ నేను అప్పన్న స్వామిని తలుచుకుంటున్నాను, ఇంకా ఎవరూ తాగకుండా చూడు తండ్రీ అని.

మూలింట్లో అప్పటికే పట్టేశారు.

మూలింటి కోడలు గుమ్మంలో పిల్లను ఒళ్లో వేసుకుని కూర్చుని ఉంది. పిల్ల కక్కుతోంది. నోటినుంచి చొంగ ధారలా కారుతోంది. ఒళ్లంతా చెమట. తల్లి ముఖంలో భయం లేదు. కక్కినదాన్ని పుల్లతో కెలికి చూస్తోంది.

"ఎందుకు చూస్తున్నావు?" అన్నాను.

"పురుగులు పడతాయని సూస్తన్నాను సేవికమ్మా. ఇంకా పడనేదు."

 ఆమెకు నిజం చెప్పవలసినదాన్ని నేనే. ఎలా చెప్పానో, ఏ మాటలు వాడానో ఇప్పటికీ జ్ఞాపకం రాదు. ఆమె నన్ను తిట్టలేదు, ఏడవలేదు. పిల్లను భుజాన వేసుకుని రోడ్డు వైపు పరుగు తీసింది. నేనూ, బారికీ వెనకాల.

బస్సు వచ్చే వేళ కాదు. సాలూరు వైపు నుంచి లారీలు వస్తున్నాయి గానీ చెయ్యెత్తితే ఆగడం లేదు. బారికి రోడ్డు నడిమధ్యకి పోయి నిలబడి, డప్పు వాయించడం మొదలుపెట్టాడు. అమ్మవారి జాతరకి వాయించే వాయింపు అది. ఒక లారీ కీచుమంటూ ఆగింది.

"ఒరే, సచ్చిపోతావురా ముసిలోడా," అని తల బయటపెట్టాడు డ్రైవరు.

"నాను సస్తే పర్నేదు బాబూ. క్లీనరు కూతురు సచ్చిపోతన్నాది."

ఏ క్లీనరని అతను అడగలేదు. తలుపు తీశాడు. ఆసుపత్రి ఊరు వచ్చేదాకా హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. అతని ముఖం మళ్లీ చూడలేదు నేను. దీపం పెట్టినప్పుడల్లా పేరు తెలియని ఆ డ్రైవరుకి కూడా ఒక దణ్ణం పెట్టడం ఇప్పటికీ అలవాటు.

డాక్టరుగారు పిల్ల కనురెప్ప ఎత్తి చూసి, నా చీర వాసన చూసి, ఏమీ అడక్కుండానే సూది తీశారు. ఒకటి ఇచ్చి, కాసేపు చూసి, మరొకటి ఇచ్చారు. "ఈ చొంగ ఆగాలి. నోరు ఎండిపోవాలి. ఈ పిల్ల దాహమని అడిగితే బతికినట్టు. అప్పటిదాకా నన్నేమీ అడగొద్దు," అన్నారు.

మేం వరండాలో కూలబడ్డాం. అసలు పిడుగు అక్కడ పడింది.

ఆసుపత్రికి విషం కేసు వస్తే స్టేషనుకి కబురు వెళ్లాలి. హెడ్డు కానిస్టేబులు వచ్చాడు. మీసాలు తెల్లబడిన మనిషి. "పిల్లకి ఏం పట్టారు? ఎవరు పట్టారు?" అన్నాడు.

మూలింటి కోడలు లేచి నిలబడి, కొంగు సర్దుకుని, అడిగినదానికి సూటిగా జవాబు చెప్పింది. "నానే పట్టినాను బాబూ. పురుగుల మందు."

హెడ్డు ముఖం మారిపోయింది. మీరు ఆలోచించండి. ఆ ఊళ్లో ఆ రెండు మాటలకి పిల్లకి మేలు చెయ్యడం అని అర్థం. ఆ వరండాలో ఆ రెండు మాటలకి ప్రాణం తియ్యడం అని అర్థం. పంట మీద కొట్టే మందు తాగి చచ్చిపోయినవాళ్ల కేసులు అప్పటికే పట్నాల్లో వస్తున్నాయి.

"తెలిసే పట్టావా?"

"తెల్దేటి బాబూ? పురుగులకనే కదా పట్టినాను."

"మొగుడేడీ?"

"లారీ మీద ఎల్లిపోనాడు. ఎప్పుడొస్తాడో నాకేటి తెల్సు."

"మొగుడి మీద కోపమా? అత్తతో తగువా?"

"అత్తతో తగువు లేని ఇల్లు ఉన్నాదేటి బాబూ," అంది అమాయకంగా.

ఆమె నోటినుంచి వచ్చే ప్రతి మాటా ఆమె మెడకే చుట్టుకుంటోంది. నేను మధ్యలో కలగజేసుకోబోతే, "మీరు ఉద్యోగస్తులు, మీ మాట తర్వాత," అని ఆపేశాడు. కానిస్టేబులు వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. లోపల పిల్ల సంగతి ఏమైందో తెలియదు. అప్పటికి గానీ మూలింటి కోడలికి అర్థం కాలేదు, తనని ఏమని అనుకుంటున్నారో. "నా గుంటని నానే సంపుకుంటానా?" అంది. అరవలేదు. నన్నే అడిగినట్టు, నెమ్మదిగా అంది. 

అప్పుడే కబురందుకుని జీపులో మా అధికారి, మేస్త్రీ వచ్చారు.  ఎలా వాడాలో చెప్పావా అని హెడ్డు మేస్త్రీని అడిగితే, "అందరికీ చెప్పానండి. నీళ్లలో కలిపి చల్లమని గట్టిగానే అరిచాను, ఆ తోపులాటలో ఎవరికి వినబడిందో మరి. ఈవిడ మొదట్లోనే వచ్చి, ఎంత పట్టాలని అడిగింది. చిన్నవాటికి సగం చెంచా చాలు, పెద్దవాటికి నిండుగా అన్నాను. మొక్కల సంగతండి," అన్నాడు.

"సిన్నదే కదా అని సగమే పట్టినాను," అంది ఆమె. "అందులోనూ సగం ఉమ్మేసింది."

 హెడ్డు కాసేపు మీసం సవరించుకున్నాడు. తర్వాత మూలన కూర్చున్న బారికి వైపు తిరిగాడు. "నువ్వేనా చాటింది? ఏమని చాటావో చెప్పు."

బారికి లేచాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. "బాబూ, డప్పు కొట్టకుండా నాకు రాదు," అన్నాడు.

"కొట్టు మరి."

ఆసుపత్రి వరండాలో, రోగులందరూ తలలెత్తి చూస్తుండగా, ఆ ముసలివాడు డప్పు మీద మెల్లిగా వేళ్లతో కొడుతూ చాటాడు. పురుగుల మందు ఇస్తారహో. గిన్ని అట్టుకుని రండహో. ఎక్కడా వంగమొక్క లేదు. తోట లేదు. చల్లడం లేదు. మందు ఉంది, పురుగులు ఉన్నాయి, గిన్నె ఉంది.

వరుసలో కూర్చున్న ఒక పల్లెటూరి తల్లి పక్కామెను అడిగింది, మా అందరికీ వినిపించేలా. "ఎక్కడిస్తన్నారట? మన గుంటలికి కూడా పట్టిద్దుమా?"

హెడ్డు తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మా అధికారి గోడకి ఆనుకున్నారు. ఆయన తెల్లబోయిన ముఖం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. "ఆ మాట నేను చెప్పిందే," అన్నారు. "అక్షరం మారకుండా చాటాడు. రాసుకోండి." ఆయన ఆ మాట అనకపోతే ఏమయ్యేదో. ఉద్యోగం పోతుందని తెలిసి కూడా అన్నారు. ఆ పుణ్యం ఆయన్నే కాపాడింది, మందలించి వదిలేశారు.

కానిస్టేబులు ఆమె పక్కనుంచి తప్పుకున్నాడు. పొద్దు వాలుతుండగా లోపలినుంచి పిల్ల గొంతు వినిపించింది. "అమ్మా, దాహం." మూలింటి కోడలు ఆ ఒక్క మాటతో నేల మీద కూలిపోయింది. మధ్యాహ్నం నుంచి నిలబడ్డ మనిషి అప్పుడు ఏడ్చింది.

ఆ తర్వాత నేను నా పరిధిలోని ఊళ్లన్నిటిలో మందు అనడం మానేశాను. మొక్కల విషం అనేదాన్ని. పైవాళ్లు ఇష్టపడలేదు, విషమంటే ఎవరు తీసుకుంటారమ్మా అన్నారు. నిజమే, తీసుకోలేదు. చిగుళ్లు తుంచడం మొదలుపెట్టారు. కాయలు కొన్ని దక్కాయి, కొన్ని పోయాయి. ఆకు మీద రెట్టలా కూర్చునే ఆ పురుగు చేసేదీ, మందు అన్న ఆ పేరు చేసిందీ ఒకటేనని నాకు తోస్తుంది. ఒకటి తెగులు, పనికిమాలిన రెట్టలా కనిపిస్తుంది. ఇంకొకటి విషం, మందులా వినిపిస్తుంది. పురుగునైతే కాస్త కళ్లు చిట్లించి చూస్తే పట్టుకోవచ్చు. మాటను పట్టుకోవడం కష్టం. నేటికీ ఏ ఊరి బజారుకు వెళ్లినా దుకాణాల మీద మందులు అనే రాసి ఉంటుంది.

మీరు అనుకుంటున్నట్టు కథ అక్కడ ఆగలేదు. మరుసటి వేసవిలో ఆరోగ్యశాఖ వాళ్లు నులిపురుగుల మందు పట్టుకుని మళ్లీ వచ్చారు. ఈసారి నిజం మందు. పిల్లల కడుపులు మళ్లీ బానల్లా ఉన్నాయి. బారికి చాటాడు, పిల్లలు తాగే మందు, డాక్టరు పంపిన మందు అని గొంతు పోయేలా చాటాడు. చావిడి దగ్గరికి ఒక్క తల్లి రాలేదు. తలుపులు వేసుకున్నారు. నేను ఇంటింటికీ వెళ్లి బతిమాలాను. "నువ్వు మంచిదానివే తల్లీ, మందే మంచిది కాదు," అని మర్యాదగా పంపేశారు. వచ్చిన నర్సు సీసాలు పెట్టెలో సర్దుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడు మూలింటి కోడలు కూతుర్ని చెయ్యి పట్టుకుని వీధి నడుమ నడిచి వచ్చింది. ఇళ్లలోంచి అందరూ చూస్తున్నారు. నర్సు దగ్గర ఒక మోతాదు అడిగి తీసుకుంది. పిల్ల తల్లి చీర వెనక్కి పోయి దాక్కుంది. ఆమె పిల్లకి పట్టలేదు. గిన్నె ఎత్తి తనే గటగటా తాగేసింది. తాగి, చావిడి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ఎవరితో మాట్లాడలేదు. నీడ అరుగు మీద నుంచి దిగి వీధిలోకి పోయేదాకా అలాగే కూర్చుంది. ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. తల్లులు గుమ్మాల్లోకి, గుమ్మాల్లోంచి వీధిలోకి వచ్చి, దూరంగా నిలబడి ఆమె నోటినే చూస్తున్నారు, చొంగ కారుతుందేమోనని.

ఏమీ కాలేదు. ఆమె లేచి, కూతుర్ని ఒళ్లోకి లాక్కుని, "తాగే, నీ అమ్మ సావనేదు," అంది. పిల్ల తాగింది. ఆ తర్వాత ఎవరి పిల్లలను వాళ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

నేను నిలబడ్డచోటు నుంచి కదలలేకపోయాను. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని ఆమెనే చూస్తున్నాను. ఆమె కొంగుతో మూతి తుడుచుకుంటూ నా ముందు నుంచి పోతూ అంది:

"ఏటలగ సూస్తారు, సేవికమ్మా? నా కడుపులో మాత్రం పురుగులు నేవేటి?"